గోరువంక వంతెన దాటిన వారం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఏరు. ఒకచోట ఆ ఏరు రెండు పాయలుగా చీలి, కొంత దూరం పోయాక మళ్ళీ కలిసిపోయేది. ఆ రెండు పాయల నడుమ ఒక చిన్న లంక. లంక నిండా మెత్తటి గడ్డి, ఒక పక్కన ఇసుకమేట. కుందేళ్ళు, ముంగిసలు, తీతువు పిట్టలు అక్కడ కాపురముండేవి. ఇవతలి గట్టు మీద, సరిగ్గా నీళ్ళ అంచున, ఒక నల్లటి బండ ఉండేది. దాన్ని అందరూ పలుకుబండ అనేవారు.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే పిల్లలూ, వారానికొకసారి అడవిలోని జంతువులన్నీ ఆ బండ చుట్టూ చేరేవి. ముసలి నెమలి తాత లేచి మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఈ వారం కొత్తగా తయారైంది ఏమిటి? కొత్త కబురేమిటి? ఆటలో గెలుపెవరిది?" ఆ మూడింటికీ బండ మీద కూర్చున్నవాళ్ళు జవాబు చెప్పి, తమ అభిప్రాయం కూడా చెప్పాలి. లంకలో ఉన్నవాళ్ళు అవతలి అంచున నిలబడి వినేవారు.

చాలా ఏళ్ళుగా ఆ బండ మీద కూర్చుంటున్నది రాగన్న అనే గోరువంక. ఏనుగు ఘీంకారం, ముంగిస కిచకిచలు, నెమలి తాత దగ్గు, ఏదైనా సరే అచ్చం అలాగే చేసి చూపించేవాడు. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు వినడమంటే రాగన్నకి ప్రాణం. వారమంతా ఎత్తైన మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని అన్నీ చూసేవాడు. పైనుంచి చూస్తే అన్నీ తెలుస్తాయని అతని నమ్మకం. పైనుంచి చాలా కనిపిస్తుంది, కాదనను. కానీ ఎంత పైనుంచి చూస్తే అంత చిన్నగా కనిపిస్తుంది. ఆ సంగతి రాగన్న ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకొక కట్టుబాటు కూడా చెప్పాలి. వెనకటికి ఒక నక్క ఆ బండెక్కి పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పి అందరినీ నానా తిప్పలూ పెట్టిందట. అప్పుడు పెద్దలు కూర్చుని ఒక నియమం పెట్టారు. బండ మీద అన్న మాట మళ్ళీ వారం దాకా నిలవాలి. మధ్యలో మార్చినవాళ్ళు ఇక జన్మలో ఆ బండ ఎక్కకూడదు. ఆ నియమం పెట్టాక ఎవరూ మాట మార్చలేదు. తప్పని తెలిసినా సరే, వారం తిరిగేదాకా నోరు మూసుకుని కూర్చునేవారు.

ఎండలు బాగా ముదిరిన ఒక వారం, అందరూ బండ చుట్టూ చేరారు. నెమలి తాత గొంతు సవరించుకున్నాడు.

"ఈ వారం కొత్తగా తయారైంది ఏమిటి?"

"వంతెన," అన్నాయి పిట్టలన్నీ ఒక్కసారిగా.

ఆ వంతెన సంగతి మీకు తెలియాలి. అంతకుముందు పాయ మీద ఒక పడిపోయిన మాను అడ్డంగా ఉండేది. వరద వచ్చే ముందు లంకవాళ్ళు దాని మీదుగా నడిచి గట్టుకి వచ్చేవారు. వరద తగ్గాక తిరిగి వెళ్ళేవారు. పోయినేడు చివరి వరద తగ్గి, అందరూ లంక చేరుకున్నాక, ఆ మాను కాస్తా కదిలి కొట్టుకుపోయింది. పాయలో నీళ్ళు ఎండాకాలంలో కూడా వడిగా పారతాయి. కుందేలు కాళ్ళతో ఈదితే తేలేది కింద ఊళ్ళోనే. అందుకని లంకవాళ్ళు లంకలోనే ఉండిపోయారు. గడ్డికి లోటు లేదు గానీ, కొత్తనీరు వస్తే లంక మొత్తం మునుగుతుంది. అప్పుడు ఎక్కడికి పోవాలి?

గిజిగాళ్ళ పెద్ద పోగులయ్య ఈ సంగతి విన్నాడు. "గూడు అల్లడం తెలిసినవాళ్ళం, వంతెన అల్లలేమా," అన్నాడు. ఏనుగుల్ని బతిమాలితే అవి తొండాలతో మూడు గట్టి తీగలు అటు నుంచి ఇటు లాగి కట్టి పెట్టాయి. గిజిగాళ్ళు లంక వైపు నుంచి మొదలుపెట్టి, తీగల మీద పీచూ గడ్డీ కలిపి నడక బాట అల్లుకుంటూ వస్తున్నాయి. మూడొంతుల్లో రెండొంతులు అయింది. ఇంకొక వంతు మిగిలింది. రెక్కలున్నవాళ్ళు రెక్కలు లేనివాళ్ళ కోసం అంత పని పెట్టుకోవడం ఆ అడవిలో అదే మొదలు.

రాగన్న మెడ సాగదీశాడు.

"నేను ఎగురుకుంటూ వెళ్ళి దాని నడిమధ్య వాలి చూశాను. ఊగుతోంది. ఊగేదాన్ని వంతెన అంటారా ఎవరైనా? ఉయ్యాల అంటారు. పిల్లల్ని పడుకోబెట్టి జోకొట్టడానికి బాగుంటుంది. నడవడానికి పనికిరాదు. ఇదీ నా అభిప్రాయం."

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో ఒక సంగతి ఎవరూ గమనించలేదు. పోగులయ్య ముక్కున పట్టుకున్న గడ్డిపోచ కింద పెట్టాడు. తన వాళ్ళ వైపు చూసి, "పదండర్రా," అన్నాడు. గిజిగాళ్ళన్నీ చప్పుడు లేకుండా లేచి ఏటి దిగువకు ఎగిరిపోయాయి.

"కొత్త కబురేమిటి?" అని అడిగాడు నెమలి తాత.

"ఏనుగుల మంద కొండెక్కింది," అన్నాడు రాగన్న. ఘీంకారం చేసి, ముసలి ఏనుగు నడక నడిచి చూపించాడు. "ఎండలు ఇంకా మాడ్చేస్తున్నాయి, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇప్పుడే కొండెక్కడం ఏమిటి? పెద్దేనుగమ్మకి వయసు మీద పడింది. ఏ నెలో మరిచిపోయింది."

మళ్ళీ నవ్వులు.

"ఆటలో గెలుపెవరిది?"

"లంకలో పరుగుపందెం జరిగింది. కుందేలు బూరయ్య మీద ముంగిస గెలిచింది. విన్నారా, ముంగిస గెలిచింది. మలుపు దాకా బూరయ్యే ముందున్నాడు. మలుపు దగ్గర ఏమైందో ఏమో, వేగం తగ్గించి పక్కకి తిరిగి, చుట్టూ తిరిగి వచ్చాడు. గెలుపు చేతికందాక భయపడ్డాడు. గుండె లేని పరుగు. ఇదీ నా అభిప్రాయం."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అవతలి అంచున బూరయ్య, అతని భార్య మల్లెమ్మ, వాళ్ళ చంటిపిల్లలు నిలబడి ఉన్నారు. బూరయ్య చెవులు కిందికి వాలిపోయాయి. పిల్లల్ని తీసుకుని గడ్డిలోకి వెళ్ళిపోయాడు. రాగన్న అది చూశాడు. చూసి, మద్దిచెట్టెక్కి హాయిగా నిద్రపోయాడు.

వారం సగం గడిచింది. వచ్చే వారానికి ఆట సంగతులు కావాలి కదా. మళ్ళీ పరుగు సాధన ఏమైనా జరుగుతోందేమో చూద్దామని రాగన్న లంక మీదికి ఎగిరాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక సుడిగాలి వచ్చి రాగన్నని గిరగిరా తిప్పి తుమ్మచెట్టుకేసి కొట్టింది. కొమ్మల్లోంచి జారి కింద ఇసుకలో పడ్డాడు. లేద్దామని చూస్తే కుడిరెక్క లేవలేదు.

రాగన్నకి భయం వేసింది. నేల మీద అంతసేపు ఎప్పుడూ ఉండలేదు. గడ్డి తన తలకన్నా ఎత్తుగా ఉంది. అటు ఏముందో, ఇటు ఏముందో తెలియడం లేదు. గట్టు మీద గూట్లో పెళ్ళాం, పిల్లలు ఎదురుచూస్తుంటారు. మధ్యలో పాయ. రెక్క లేకుండా గట్టు చేరడం ఎలా? ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. ఎవరి గొంతూ కాదు, తన సొంత గొంతే.

గడ్డి కదిలింది. బూరయ్య వచ్చాడు.

ఆ క్షణాన ఇంకెవరు వచ్చినా బాగుండేదనిపించింది రాగన్నకి. కానీ బూరయ్య దగ్గరికొచ్చి రెక్క వాసన చూశాడు.

"విరగలేదు. బెణికింది. కొన్నాళ్ళు ఎగరకూడదు. నా వీపెక్కు, గట్టు దాకా దింపుతాను."

రాగన్న మెల్లగా వీపెక్కి, మెడ దగ్గర బొచ్చు కాళ్ళతో పట్టుకున్నాడు. బూరయ్య కుదుపు లేకుండా నడవడం మొదలుపెట్టాడు.

"బూరయ్యా, ఆ రోజు నేనన్న మాటలు విన్నావా?"

"విన్నాను. నా చెవులు చూశావుగా. వినకుండా ఉండటం కష్టం."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? వచ్చింది. మల్లెమ్మకైతే ఇంకా ఎక్కువ వచ్చింది. అయినా ఇప్పుడు నీకు దెబ్బ తగిలింది కదా. కోపం సంగతి తర్వాత చూసుకుందాం."

రాగన్న తల దించుకున్నాడు. చాలా సిగ్గేసింది.

కొంత దూరం పోయాక ఇసుకమేట వచ్చింది. పందెం జరిగిన చోటు అదే. సరిగ్గా మలుపు దగ్గర బూరయ్య నేరుగా పోకుండా పక్కకి తిరిగాడు.

"దారి ఇటుంటే అటు తిరిగావేం?" అని అడిగాడు రాగన్న.

"కిందికి చూడు."

రాగన్న చూశాడు. గులకరాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకాస్త వంగి చూశాడు. ఆ గులకరాళ్ళలో కొన్ని రాళ్ళు కావు. మచ్చల మచ్చల గుడ్లు. ఇంతలో "ఎవరది, ఎవరది" అనుకుంటూ తీతువు పరుగెత్తుకొచ్చింది.

"నేనే అక్కా, బూరయ్యని."

"నువ్వా తమ్ముడూ," అంది తీతువు, రొప్పుతూ. "ఇంకెవరో అనుకున్నాను. పందెం రోజున వెనక ముంగిస తరుముకొస్తున్నా నువ్వు నా గుడ్లు చూసుకుని చుట్టూ తిరిగి పోయావు. నీ వెనకాల ముంగిస కూడా నీ అడుగుల్లోనే తిరిగి, ఆ తర్వాత నిన్ను దాటిపోయింది. నువ్వు నేరుగా పోయుంటే నాకీ గుడ్లు మిగిలేవి కావు. నీ మేలు ఎన్నటికీ మరిచిపోను."

రాగన్నకి తన మాట గుర్తొచ్చింది. గుండె లేని పరుగు అన్నది తనే కదా. పైనుంచి చూసినప్పుడు బూరయ్య తగ్గడం కనిపించింది గానీ, ఎందుకు తగ్గాడో కనిపించలేదు.

"ఈ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు బూరయ్యా?"

"ఎవరడిగారు?" అన్నాడు బూరయ్య. అందులో ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అన్నాడు.

ఇసుకమేట దాటాక గాలి చల్లగా తగిలింది. బూరయ్య ఒక్క క్షణం ఆగి ముక్కు పైకెత్తాడు. వడివడిగా నడవసాగాడు.

"ఏమిటి తొందర?"

"ఏనుగులు కొండెక్కాయి కదా. అవి పాదాలతో వింటాయి రాగన్నా. ఎక్కడో దూరాన కొండల్లో ఉరిమితే వాటి పాదాలకి తెలుస్తుంది. మా లంకవాళ్ళం మబ్బుని చూసి కాదు, ఏనుగుల్ని చూసి వానల లెక్క కడతాం. అవి కొండెక్కాయంటే కొత్తనీరు బయల్దేరినట్టే."

"ఎప్పటికి వస్తుంది?"

"మీ వారం తిరిగేలోపే వస్తుంది."

రాగన్న కొండ వైపు చూశాడు. పెద్దేనుగమ్మకి మతిమరుపు వచ్చిందని నవ్వించింది కూడా తనే.

వంతెన దగ్గరికి వచ్చారు. బూరయ్య దాని మీద కాలు పెట్టగానే అది ఊగింది. కింద నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఎగరగలిగినప్పుడు ఆ నీళ్ళు రాగన్నకి ముచ్చటగా కనిపించేవి. ఇప్పుడు చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

"బూరయ్యా, ఊగుతోంది."

"ఊగనీ. పోగులయ్య చెప్పాడు, ఊగుతుంది కాబట్టే తెగదట. బిగించి కడితే గాలి ఒక్క ఊపు ఊపేసరికి పుటుక్కున తెగుతుందట. కాలి కింద అల్లిక చూడు, ఎంత మెత్తగా, గట్టిగా ఉందో. మా పిల్లల కాళ్ళు చిన్నవని ఆయన కన్నాలు ఇంత సన్నంగా అల్లాడు."

రాగన్న కళ్ళు తెరిచి చూశాడు. ఒక్కొక్క పోచనీ రెండు సార్లు తిప్పి, కొస లోపలికి దోపి ఉంది. మొన్న ఆ వంతెన మీదే వాలాడు. అల్లిక వైపు చూడనే లేదు.

మూడొంతుల్లో రెండొంతులు దాటాక బూరయ్య ఆగిపోయాడు. అక్కడితో బాట అయిపోయింది. ముందు మూడు వట్టి తీగలు, వాటి కింద నీళ్ళు, ఆ తర్వాత గట్టు.

"మిగతాది ఎందుకు అల్లలేదు?" అని అడిగాడు రాగన్న. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"నువ్వు బాలేదన్నావుగా," అన్నాడు బూరయ్య. "ఆ రోజు నుంచి గిజిగాళ్ళు రాలేదు. బండ మీది మాట వారం దాకా నిలుస్తుంది కదా, పిలిచినా రారనుకున్నాం. నేనైతే ఎలాగో ఒక దూకు దూకి పోగలను. మల్లెమ్మ కూడా దూకితే దూకుతుంది. పిల్లలు దూకలేరు. అందుకే అందరం ఇటే ఉన్నాం. గట్టిగా పట్టుకో."

బూరయ్య నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి ఎగిరి దూకాడు. ముందుకాళ్ళు గట్టు మట్టిలో దిగబడ్డాయి, వెనక కాళ్ళు నీళ్ళలో పడ్డాయి. గోళ్ళతో మట్టి గీరుకుంటూ ఎలాగో పైకి పాకాడు. వీపు మీంచి రాగన్నని దింపి, ఒళ్ళు దులుపుకున్నాడు.

"జాగ్రత్తగా వెళ్ళు. పిల్లులుంటాయి, పొదల పక్కన నడవకు."

"నువ్వెక్కడికి?"

"ఇంటికి. పిల్లలు అటే ఉన్నారు కదా."

అని మళ్ళీ పరుగెత్తి, దూకి, వంతెన అందుకుని లంక వైపు వెళ్ళిపోయాడు. గట్టు మీద ఉండిపోతే బతికేవాడే. ఆ ఆలోచన కూడా అతనికి వచ్చినట్టు లేదు. రాగన్న అలా చూస్తూ నిలబడిపోయాడు. కళ్ళు తడిశాయి. తనని అడవంతా మెచ్చుకున్న రోజులు చాలా ఉన్నాయి గానీ, తన కోసం ఒకరు ప్రాణానికి తెగించి దూకడం అదే మొదటిసారి.

రాగన్న గూటికి పోలేదు. రెక్క ఈడ్చుకుంటూ నేరుగా పలుకుబండ దగ్గరికి నడిచాడు. బండ పక్కనే నెమలి తాత కునుకు తీస్తున్నాడు.

"తాతా, నేను బండెక్కాలి. మొన్న చెప్పిన మాటలు తప్పు."

నెమలి తాత ఒక కన్ను తెరిచాడు. "తప్పయితే వచ్చే వారం చెబుదువుగాని."

"వచ్చే వారానికి లంక ఉండదు తాతా."

"నియమం నీకు తెలుసు కదా నాయనా. మధ్యలో మార్చావంటే ఇక ఈ బండ నీది కాదు. నిన్ను చూసి ముచ్చటపడేవాణ్ణి. నాకూ కష్టంగానే ఉంటుంది. బాగా ఆలోచించుకో."

రాగన్న ఆలోచించాడు. ఆ నవ్వులు, ఆ చప్పట్లు, వారమంతా ఎదురుచూసే ఆ ఒక్క పూట, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అవి లేకపోతే తను ఏమిటి? చెట్టు మీద ఉన్న వంద గోరువంకల్లో ఒక గోరువంక. ఇంతలో అవతలి నుంచి కుందేలు పిల్లల ఆటల చప్పుడు వినిపించింది.

రాగన్న బండ మీదికి పాకాడు. రెక్క సహకరించక జారాడు. మళ్ళీ పాకి మళ్ళీ జారాడు. మూడోసారి ముక్కుతో పట్టు దొరకబుచ్చుకుని పైకి చేరాడు. గొంతెత్తి పిలిచాడు. వారం కాని రోజున బండ మీంచి పిలుపు రావడం ఎవరూ ఎరగరు. ఉడతలు, జింకలు, కాకులు, అందరూ ఉరుకుతూ వచ్చారు. ఇదేదో కొత్త వేషమనుకుని నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు.

"వంతెన బాలేదన్నాను. దాని మీద నేను నడవలేదు. ఈ రోజు నడిచిన వాళ్ళ వీపు మీద కూర్చుని దాటాను. అది చక్కటి వంతెన. ఏనుగులకి మతిపోయిందన్నాను. వాటికి తెలిసింది నాకు తెలియదు. కొత్తనీరు వస్తోంది. బూరయ్య పరుగులో గుండె లేదన్నాను. ఒక తల్లి గుడ్లు తొక్కకూడదని అతను పందెం వదులుకున్నాడు. మూడూ తప్పే చెప్పాను. లంకలో పిల్లలున్నారు. మిగిలిన వంతు అల్లకపోతే వాళ్ళు మునిగిపోతారు. నా వల్ల ఆగిన పని అది. నాకు రెక్క లేదు, ఎవరైనా వెళ్ళి పోగులయ్యని పిలుచుకు రండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. రెండు కాకులు అప్పటికే లేచి దిగువకు ఎగిరాయి.

కాసేపట్లో పోగులయ్య వచ్చాడు. పక్కనే అతని భార్య సింగారి, వెనక గిజిగాళ్ళన్నీ. రాగన్న బండ దిగి ఎదురెళ్ళాడు.

"పోగులయ్యా, నా మీద అలిగి వెళ్ళిపోయారు. అలగడం న్యాయమే."

పోగులయ్య తెల్లబోయాడు. "అలగడమేమిటి? మాలో ఆ మాటే లేదు. మేం గూడు సగం అల్లాక, అందులో కాపురం చేయబోయే ఆడపిట్ట వస్తుంది. లోపలికి దూరి, అటూ ఇటూ కుదిపి, పోచ పోచా లాగి చూస్తుంది. బాలేదంటే వదిలేసి ఇంకోటి మొదలుపెడతాం. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. నువ్వు బాలేదన్నావు, వదిలేశాం. దిగువన ఇంకో వంతెనకి చోటు వెతుకుతున్నాం. వాలి చూశానన్నావుగా, పోచ పోచా లాగి చూసే చెప్పావనుకున్నాం రాగన్నా. చూడకుండా చెప్పేవాళ్ళు ఉంటారని మాకు తెలియదు."

ఆ మాటకి రాగన్న నిలువునా కుంగిపోయాడు. పోగులయ్య తిట్టి ఉంటే ఇంత బాధ కలిగేది కాదు.

సింగారి మాత్రం అవేవీ పట్టించుకోకుండా వంతెన మీదికి దిగింది. ఎగరలేదు, చివరిదాకా నడిచింది. మధ్యలో నిలబడి గట్టిగా కుదిపింది. తిరిగొచ్చి, "బాగుంది. కాకపోతే ఒక పక్క అంచు పలచగా ఉంది, చంటి కాళ్ళు జారతాయి. అక్కడ ఇంకో వరస వెయ్యండి," అంది. అంతే, గిజిగాళ్ళు పనిలోకి దిగాయి.

కాకులు పీచు తెచ్చాయి. ఉడతలు గడ్డి కోసి తెచ్చాయి. రాగన్న ఎగరలేడు కనక గట్టు వెంట నడుస్తూ, ముక్కుకి దొరికిన పోచలు ఏరి తెచ్చి పోగులయ్య ముందు పెట్టాడు. వాటిలో సగం పనికిరానివే. పోగులయ్య ఏమీ అనకుండా మంచివి తీసుకుని మిగతావి పక్కన పెట్టేవాడు. పొద్దు వాలింది, మళ్ళీ పొడిచింది. పాయలో నీళ్ళ రంగు మారింది. ముందు లేత ఎరుపు, తర్వాత ముదురు ఎరుపు. కొండల మట్టి కలిసిన కొత్తనీరు అది. అవతల లంక అంచు కొద్దికొద్దిగా తగ్గుతోంది.

చివరి ముడి వేసి పోగులయ్య పక్కకి తప్పుకున్నాడు. ముందు ముంగిసలు దాటాయి. మల్లెమ్మ పిల్లల్ని ముందు పెట్టుకుని బయల్దేరింది. గాలికి వంతెన ఊగింది. పిల్లలు నడుం వంచి అల్లిక పట్టుకుని, ఊపు ఆగాక మళ్ళీ నడిచారు. సింగారి చెప్పి వేయించిన వరస దగ్గర చిన్నపిల్ల కాలు ఒకసారి తడబడింది గానీ జారలేదు.

ఆఖరున తీతువు వచ్చింది. ఆ పొద్దునే గుడ్లు పిగిలి పిల్లలు బయటపడ్డాయి. తీతువు పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి కానీ, నీళ్ళ హోరుకి బెదిరి వంతెన మొదట్లోనే నిలబడిపోయాయి. తల్లి వెనక నుంచి తోస్తోంది, ముందుకి కదలడం లేదు. అప్పుడు రాగన్న గట్టు చివరికి వెళ్ళి, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో పిలిచాడు. ముందు నుంచి తల్లి గొంతు, వెనక తల్లి. పిల్లలు ఆ పిలుపు వెంట చిట్టి కాళ్ళతో పరుగెత్తుకుంటూ వచ్చేశాయి. వాటి వెనకే బూరయ్య. అతను గట్టెక్కాక కాసేపటికే లంక కనిపించకుండా పోయింది. ఎటు చూసినా ఎర్రటి నీళ్ళే.

తీతువు పిల్లల్ని రెక్కల కింద దాచుకుని రాగన్న దగ్గరికి వచ్చింది.

"నీ గొంతు చల్లగా ఉండాలి నాయనా," అంది.

వారం తిరిగింది. అందరూ బండ చుట్టూ చేరారు. రాగన్న బండ ఎక్కలేదు. అందరితోపాటు కింద కూర్చున్నాడు. నెమలి తాత బండ వైపు చూసి, రాగన్న వైపు చూసి, నిట్టూర్చాడు.

"నియమం నియమమే. బండ ఖాళీగా ఉంది. ఎవరు చెబుతారు?"

ఎవరూ లేవలేదు. రాగన్న లేచి నిలబడ్డాడు.

"తాతా, అభిప్రాయం చెప్పను. ఇక్కడి నుంచే ఒక్క మాట చెప్పుకోనివ్వు. బూరయ్యా, నీకు కోపం వచ్చి కూడా నన్ను మోశావు. పోగులయ్యా, నా మాట విని ఒకసారి ఆగావు, నా మాట విని మళ్ళీ వచ్చావు. ఏనుగులు ఇక్కడ లేవు, వచ్చాక వాటికీ చెప్పుకుంటాను. ఆ సుడిగాలికి కూడా దణ్ణం పెట్టాలి. అది నన్ను కింద పడెయ్యకపోతే ఈ వారం కూడా నేను బండ మీద కూర్చుని మిమ్మల్ని నవ్విస్తూ ఉండేవాణ్ణి. వినడానికి అవతల లంకవాళ్ళు ఎవరూ మిగిలి ఉండేవారు కాదు. మీ అందరికీ రుణపడి ఉన్నాను."

నెమలి తాత కళ్ళు తుడుచుకుని, ఎప్పటిలాగే అడిగాడు.

"ఈ వారం కొత్తగా తయారైంది ఏమిటి?"

"వంతెన," అన్నారు అందరూ.

"ఎలా ఉంది?"

అలవాటు కొద్దీ అన్ని తలలూ రాగన్న వైపు తిరిగాయి. రాగన్న తల అడ్డంగా ఊపాడు.

"నన్ను అడగకండి. ఆ వంతెన ఎవరి కోసం అల్లారో వాళ్ళని అడగండి."

మల్లెమ్మ తన చిన్నపిల్లని ముందుకి తోసింది. బూరయ్య దాన్ని ఎత్తి బండ మీద కూర్చోబెట్టాడు. అంతమంది తన వైపే చూస్తుంటే పిల్లకి సిగ్గేసింది. రెండు చెవులూ కళ్ళ మీదికి లాక్కుంది. కాసేపటికి ఒక చెవి పక్కకి తీసి, చిన్న గొంతుతో చెప్పింది.

"ఊగింది. నాకు భయమేసింది. కానీ కాలు జారలేదు."

పోగులయ్య ముఖం రెక్క కింద దాచుకున్నాడు. జీవితంలో ఎన్నో గూళ్ళు అల్లాడు, ఎన్నో మాటలు విన్నాడు. అలాంటి మాట ఎన్నడూ వినలేదు. కింద కూర్చున్న రాగన్న అందరికన్నా ముందు రెక్కలు కొట్టాడు. కుడిరెక్క ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.

నీతి: దేని గురించైనా తీర్పు చెప్పే ముందు, దానితో అవసరమున్నవాళ్ళ పక్కన నిలబడి చూడాలి, చెప్పింది తప్పని తెలిసిన క్షణానే, ఏం పోగొట్టుకోవలసి వచ్చినా, దిద్దుకోవాలి.